సుగ్గికి పంపిన పాఠాలు

మా సొంతూరు రాయచోటి పక్కన. టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు నాకు కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోని దాటి లోపలికి ఉండే ఒక పల్లెలో పోస్టింగ్ ఇచ్చారు. ఇద్దరే టీచర్లు ఉన్న చిన్న బడి అది. ఆదోనిలో ఇల్లు అద్దెకు తీసుకుని పొద్దున బస్సులో వెళ్లి సాయంత్రం బస్సులో తిరిగొచ్చేదాన్ని. కరువు నాకు కొత్త కాదు. మా వైపూ వాన మొహం చాటేసిన ఏళ్లు చాలానే ఉన్నాయి. కానీ ఊరికి ఊరు ఇళ్లకు తాళాలు వేసుకుని వెళ్లిపోవడం మాత్రం నేను అక్కడే మొదటిసారి చూశాను.

దాన్ని వాళ్లు సుగ్గి అంటారు. దీపావళి వెళ్లేసరికి ఉన్న కాస్త చేలలో పనులు అయిపోతాయి. కూలీలను కుదిర్చే మేస్త్రి మాట్లాడి పెట్టిన లారీలు ఊరి బయటికి వచ్చి ఆగుతాయి. బియ్యం మూటలు, వంటగిన్నెలు, దుప్పట్ల చుట్టలు, కోళ్లను మూసిన గంపలు ముందు ఎక్కుతాయి. వాటి మధ్య సందు చూసుకుని మనుషులు ఎక్కుతారు. గుంటూరు వైపు వెళ్లి ముందు పత్తి తీస్తారు, తర్వాత మిరపకాయలు కోస్తారు. మళ్లీ ఉగాదికి వస్తారు. చూసుకునే వాళ్లు లేక చాలామంది పిల్లల్ని కూడా తీసుకుపోతారు.

ఆ ఊళ్లో చేరిన మొదటి ఏడాది, దీపావళి సెలవు తర్వాత బడికి వెళ్తే గదిలో ముందు వరుసలు మాత్రమే నిండాయి. పండగ బద్ధకమేమో అనుకున్నాను. మా హెడ్మాస్టరు గారు ఆదోనిలో పుట్టి పెరిగిన ముస్లిం. చాలా ఏళ్లుగా ఆ బడిలోనే ఉన్నారు. నేను పిల్లల కోసం మాటిమాటికీ గేటు వైపు చూస్తుంటే ఆయన నెమ్మదిగా, "వాళ్లింక ఉగాదికే మేడం," అన్నారు. అన్నట్టే ఉగాదికి వచ్చారు. ఎండకు నల్లబడి, పొడుగు సాగి, ఒత్తులూ గుణింతాలూ మరిచిపోయి వచ్చారు. మళ్లీ మొదటి నుంచి చెప్పుకురావాల్సి వచ్చింది. మరుసటి ఏడూ అంతే.

సుగ్గికి పోకుండా మిగిలే కొద్దిమందిలో ఒక అమ్మాయి ఉండేది. నేను చేరినప్పుడు రెండో తరగతి. నోరు బాగా ఆడేది. ఏదైనా అర్థం కాకపోతే చెయ్యెత్తడం తెలియదు, కూర్చున్న చోటి నుంచే అడిగేసేది. ఆ పిల్లను రోజూ వాళ్లవ్వ బడి దాకా తెచ్చి వదిలేది. అమ్మా నాయనా సుగ్గికి పోతే ఆ నెలలన్నీ అవ్వా మనవరాలూ ఇద్దరే ఇంట్లో ఉండేవాళ్లు.

అవ్వకు చేతకాక ఊళ్లో ఉండటం కాదు. కోతకు దిగితే కోడలి కంటే చురుకని ఊళ్లో ఆడవాళ్లే అనేవాళ్లు. మనవరాలిని బడిలో వేసిన ఏడు, తాను ఇక సుగ్గికి రానని, పాపను తన దగ్గరే వదలాలని కొడుకుతో తేల్చి చెప్పిందట. ఒక మనిషి కూలీ పోతుందని ఇంట్లో గొడవ జరిగింది. అయినా ఆమె కదల్లేదు. అంత పట్టుదల ఎందుకని ఒకసారి అడిగాను.

"నాకు బోర్డు సదవను రాదు మేడమ్మా," అంది. "గుంటూరులో ఒకతూరి బస్సు తప్పిపోయి శానా అగసాట్లు పడితి. యాడికి పోతాండానో ఎవురినడగల్లో తెలీకపాయ. ఇది అట్ల నిలబడకూడదు."

ఆ పిల్ల తల్లి మాత్రం నాకు చాలాకాలం సరిగా తెలియదు. తక్కువ మాట్లాడే మనిషి. ఉగాదికి వచ్చినప్పుడు కూతురికి గాజులు, రిబ్బన్లు తెచ్చేది. కానీ పిల్ల మొదటి కొన్ని రోజులు ఆమె దగ్గరికి పోయేది కాదు, అవ్వ వెనక నిలబడేది. మధ్యాహ్నం అన్నాల వేళ ఆ తల్లి బడి గేటు దగ్గరికి వచ్చి నిలబడటం నేను చాలాసార్లు చూశాను. లోపలికి రమ్మంటే రాదు. కూతురు తినేదాకా చూసి వెళ్లిపోయేది. అదేదో బిడియమనుకున్నాను తప్ప ఇంకో ఆలోచన రాలేదు.

కరోనా వచ్చి బడులు మూసినప్పుడు అందరిలాగే మేమూ ఫోన్లో పాఠాలు చెప్పడం నేర్చుకున్నాం. అది ముగిసి బడులు తెరిచాక కూడా ఆ ఆలోచన నన్ను వదల్లేదు. సుగ్గికి పోయే ప్రతి ఇంటి మనిషి దగ్గరా ఒక ఫోను ఉంది. వీడియోలైతే సిగ్నలు చాలదు, డేటా అయిపోతుంది. మాటలైతే వెళ్తాయి కదా. రోజుకొక చిన్న పాఠం మాట్లాడి రికార్డు చేసి పంపితే, రాత్రి అన్నం వండుకునేటప్పుడు పిల్లలు వింటారు. కనీసం ఉన్నది మరిచిపోరు. ఈ మాట చెబితే హెడ్మాస్టరు గారు ఉత్సాహపడ్డారు. లారీలు బయల్దేరే రోజు మేమిద్దరం అక్కడికి వెళ్లి నంబర్లు అడిగి తీసుకుని అందరినీ ఒక గ్రూపులో చేర్చాం.

మధ్యాహ్న భోజనం బియ్యం మూటలు పెట్టే గదిలో అయితే గొంతు గింగురుమనదని అక్కడ కూర్చుని రికార్డు చేశాను. మొదటి పాఠం విని నాకే నవ్వొచ్చింది. రేడియోలో వార్తలు చదివినట్టుంది. మళ్లీ చేద్దామని మొదలుపెట్టాను. పత్తి తూకం మీద కూడికలు చెబుతున్నాను. అవ్వ కోసం ఎదురుచూస్తూ ఆ పిల్ల గడప మీద కూర్చుని ఉంది. అప్పటికి నాలుగో తరగతి. నేను తూకం, తూకం అంటుంటే మధ్యలో, "మేడం, తూకమంటే కాటా పెట్టేదేనా?" అని అడిగేసింది. అవునన్నాను. "అట్ల చెప్పండి మరి," అంది. ఇదంతా రికార్డయిపోయింది. తీసేద్దామనుకుని, ఎందుకో తీయకుండా అలాగే పంపించాను.

ఆ సాయంత్రం గుంటూరు నుంచి జవాబులు వచ్చాయి. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. వాళ్లకు నచ్చింది నా కూడికలు కాదు, ఆ పిల్ల ప్రశ్న. మరునాటి నుంచి ఆమెను పక్కన కూర్చోబెట్టుకునే పాఠం చెప్పాను. నేను చెబుతుంటే ఆమె తెలియనిదల్లా తన మాటల్లో అడిగేది. "ఈ సాలులో ఎన్ని చెట్లుండాయో ఎట్ల తెలుస్తాది మేడం, అన్నీ లెక్కపెట్టల్లనా?" అనేది. దానితో గుణకారం మొదలయ్యేది. పుస్తకంలో భాష నేను చెప్పేదాన్ని, ఊరి భాష ఆమె చెప్పేది. అక్కడ పట్టల గుడారాల ముందు కూర్చున్న పిల్లలకు తమ ఊరి పిల్ల తమ బదులు అడుగుతున్నట్టుండేది. ఆ రోజుల్లో బడికి వెళ్లడమంటే నాకే ఒక ఆరాటంగా ఉండేది. రేపటి పాఠంలో ఆ పిల్ల ఏం అడుగుతుందో అనుకుంటూ బస్సులో కూర్చునేదాన్ని.

ఒకరోజు గ్రూపులో ఎప్పుడూ వినని గొంతు వచ్చింది. పిల్ల తల్లి. "మేడం, పాప గొంతు వినిపిచ్చిరి. శానా సంతోసం. దానితో ఇంగొంచెం సేపు మాట్లాడిపీండి," అంది. అంతే. ఆమె నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే. ఆ పిల్ల మాటలు మరికాస్త ఎక్కువ ఉండేలా అప్పటి నుంచి పాఠాలు చేశాను.

ఆ ఉగాదికి తిరిగొచ్చిన పిల్లలు ఒత్తులు మరిచిపోలేదు. అందరూ కాదు గానీ చాలామంది. మేస్త్రి కూతురు గుణకారాలు చకచకా చేసి చూపించింది. సంగతి పైవాళ్ల దాకా వెళ్లింది. కర్నూలులో టీచర్ల సమావేశానికి పిలిచి నన్ను మాట్లాడమన్నారు. ఆ పిల్ల ప్రశ్నలున్న పాఠం ఒకటి అక్కడ వినిపించాను. హాలంతా నవ్వారు, చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. పక్క మండలాల టీచర్లు తమ బడుల్లోనూ చేస్తామని నా నంబరు తీసుకున్నారు. నాకు గర్వంగా ఉండిన మాట నిజం. ఆదోని తిరిగొచ్చేటప్పుడు బస్సులో హెడ్మాస్టరు గారు ఆ శాలువాను తన ఒళ్లో మడత చెడకుండా పట్టుకుని కూర్చున్నారు.

మరుసటి దీపావళికి ఆ పిల్ల ఐదో తరగతి. బడి ఏడాది చివర్లో, ఉగాదికి ముందే, గురుకుల పాఠశాలకు ప్రవేశపరీక్ష ఉంటుంది. సీటు వస్తే పదో తరగతి దాకా అక్కడే ఉండి చదువుకోవచ్చు. ఆ పిల్లకు తప్పకుండా వస్తుందని మా ఇద్దరికీ నమ్మకం. లారీలు రావడానికి ముందు ఒక మధ్యాహ్నం తల్లి బడికి వచ్చింది. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. చంకలో ఆ పిల్ల చెల్లెలు, సుగ్గికి వెంటే తీసుకుపోయే పసిది. వెనకే అవ్వ.

"మేడం, పాపను ఈతూరి తోడుకొని పోతాండాము," అంది తల్లి.

పరీక్ష సంగతి చెప్పాను. ఇప్పుడు ఇక్కడ ఉంటేనే మేలన్నాను. ఆమె తల వంచుకుని అంతా విన్నది. తర్వాత అంది:

"పాఠం ఆడికే వస్తాది గదా మేడం. పోయినేడు మేస్త్రి బిడ్డ అంతా ఆడ్నే నేర్చుకొనె. దినామూ దీని గొంతు ఫోన్లో విని, నా బిడ్డ నా కాడ ల్యాకపాయనే అని ఏడిస్తి. ఇన్నేండ్లూ బడి పోతాదని ఊరుకొంటి. ఇప్పుడు మీరే ఆడికి పంపితిరి."

నేను అవ్వ వైపు చూశాను. ఆమె ఏమైనా అంటుందని ఆశ. ఆమె కొంగు సర్దుకుంది.

"బడి ఉండాది, బడి ఉండాది అని నేను పట్టుకొని కూసుంటి మేడమ్మా," అంది. "ఇప్పుడు బడి ఫోన్లో వస్తాదని అందరూ అంటాండారు. ఇంగ నేనేం చెప్పల్ల?"

ఫోన్లో పాఠం బడికి బదులు కాదని, మరిచిపోకుండా ఉండటానికి మాత్రమేనని చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే పలచగా వినిపించాయి. కిందటి ఏడాది లారీల దగ్గర నిలబడి, బడే మీ దగ్గరికి వస్తుందని చెప్పింది కూడా నేనే కదా. పిల్లను పిలిచి నీకెలా ఉందని అడిగాను. ఆమె నా మొహం చూసింది, వాళ్లమ్మ మొహం చూసింది. "అమ్మతో పోతా మేడం," అంది. పదేళ్ల పిల్ల, ప్రతి ఏడూ సగం రోజులు తల్లి లేకుండా పెరిగిన పిల్ల. ఇంకేమంటుంది?

అవ్వ కూడా వాళ్లతో వెళ్లింది. మనవరాలు లేని ఇంట్లో ఆమె ఒక్కతే ఉండి చేసేదేముంది. ఇంటికి తాళం పడింది.

ఆ ఇంటికే కాదు. అవ్వల దగ్గరో, అత్తల దగ్గరో పిల్లల్ని వదిలి వెళ్లే ఇళ్లు ఊళ్లో ఇంకొన్ని ఉండేవి. ఆ ఏడు వాళ్లు కూడా పిల్లల్ని తీసుకుపోయారు. బడిలో ఎప్పటికంటే తక్కువ మంది మిగిలారు. ఒక పొద్దున హాజరు వేసి హెడ్మాస్టరు గారు పట్టీ మూసి కాసేపు దాని మీదే చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. ఆయన ఏం ఆలోచిస్తున్నారో నాకు తెలుసు. నేనేం ఆలోచిస్తున్నానో ఆయనకూ తెలుసు. "మంచికే చేసినాము మేడం. ఫికరు పెట్టుకోవద్దండి," అన్నారు. ఆయన మొహంలో ఆ ధీమా లేదు.

పాఠాలు పంపడం ఆపలేదు. ఆపితే వాళ్లకు అదీ ఉండదు. బియ్యం మూటల గదిలో ఒక్కదాన్నే కూర్చుని మాట్లాడేదాన్ని. మిగిలిన పిల్లల్లో ఒకరిద్దరిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. వాళ్లు సిగ్గుపడి నోరు విప్పలేదు. మొదట్లో గుంటూరు నుంచి ఆ పిల్ల మాటలు రోజూ వచ్చేవి. పాఠం విన్నామని, చిన్నోళ్లకు తాను మళ్లీ చెప్పానని, ఫలానా లెక్క అర్థం కాలేదని. తర్వాత రెండు మూడు రోజులకొకటి. పత్తి అయిపోయి మిరప మొదలయ్యాక మాటకు ముందు దగ్గు వినబడేది. ఆ తర్వాత మాటలే రాలేదు.

ఫిబ్రవరిలో రెండు రోజులు సెలవు కలిసొస్తే హెడ్మాస్టరు గారు, నేను రైలెక్కి గుంటూరు వెళ్లాం. అక్కడి నుంచి బస్సు, ఆటో. కాలువ గట్టు పక్కన వరసగా నీలం పట్టల గుడారాలు. పెద్దవాళ్లంతా చేలో ఉన్నారు. గాలిలోనే ఘాటు ఉంది, దిగగానే హెడ్మాస్టరు గారికి తుమ్ములు పట్టుకున్నాయి. ఒక గుడారం ముందు ఆ పిల్ల పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. చుట్టూ చెల్లెలితో పాటు ఇంకా నలుగురైదుగురు పసివాళ్లు. పెద్ద పిల్ల ఒకతె దొరికిందని పక్క గుడారాల తల్లులు కూడా తమ బిడ్డల్ని అక్కడే వదిలి చేలోకి పోతున్నారట.

నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. చేతులు పట్టుకోబోతే వెనక్కి దాచుకుంది. "మిరప మంట అంటుకుంటాది మేడం," అంది. వంట పని లేనప్పుడు తానూ కోతకు పోతున్నానని చెప్పింది. అదేమీ బాధగా చెప్పలేదు. పెద్దవాళ్లతో సమానంగా సాలు పట్టానని కొంచెం గొప్పగానే చెప్పింది.

పాఠాలు వింటున్నారా అని అడిగాను. ఫోను పగలంతా నాయన దగ్గర చేలో ఉంటుందట. సాయంత్రం చేను ఆసామి మోటారు కొట్టం దగ్గర చార్జింగు పెట్టుకొచ్చేసరికి చీకటి పడుతుంది.

"వీళ్లు సగం ఇని నిద్రపోతారు మేడం. నేను మాత్రం అంతా ఇంటా," అంది. కొంచెం ఆగి, "ఈతూరి మీరొక్కరే మాట్లాడ్తాండారు. మధ్యలో అడిగేటోళ్లు ఎవురూ ల్యారు," అంది.

అవునమ్మా అన్నాను. హెడ్మాస్టరు గారు పిల్లలకు తెచ్చిన బిస్కెట్ల పొట్లం విప్పుతూ అటు తిరిగారు.

నిజానికి నేను వేరే మాట మనసులో పెట్టుకుని వెళ్లాను. పరీక్ష అయ్యేదాకా పిల్లను ఆదోనిలో నా దగ్గర ఉంచుకుంటానని అడుగుదామనుకున్నాను. రైలులో హెడ్మాస్టరు గారితో కూడా చెప్పాను, ఆయన సరేనన్నారు. మధ్యాహ్నం తండ్రి, అవ్వతో కలిసి తల్లి చేలోంచి వచ్చింది. మమ్మల్ని చూసి ఆమె అంత సంతోషపడటం, అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. అన్నం పెట్టింది. మేం తింటుండగా కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వింది. ఆ పిల్ల కళ్లు మూసుకుని వెనక్కి వాలి కూర్చుంది. ఉగాదికి తల్లి వస్తే అవ్వ వెనక నక్కే పిల్ల.

అయినా అడిగాను. తల్లి దువ్వెన ఆపింది. కూతురి జడను చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. తండ్రి మర్యాదగానే చెప్పాడు. చిన్న పిల్లను చూసే దిక్కు లేదని, పరీక్ష నాటికి మాత్రం తప్పకుండా తానే తోడుకుని వస్తానని. నేను మళ్లీ అడగలేకపోయాను.

వచ్చేటప్పుడు అవ్వ మాతో రోడ్డు దాకా నడిచింది.

"పాప వాళ్లమ్మ కాడ సంతోసంగా ఉండాది మేడమ్మా," అంది. "నేను దాన్ని కాదనలేను. సదువు పోతాందని కూడా నాకు తెలుస్తాంది. రెండూ ఒకతూరి దొరకవు మాకు."

ఆటో వచ్చేదాకా ఆమె అక్కడే నిలబడింది. ఆటో దిగాక బస్టాండులో బోర్డు చదివి సరైన బస్సు ఎక్కమని మాకు జాగ్రత్త చెప్పింది.

పరీక్షకు వారం ముందు నుంచి ఆ తండ్రికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. కలవలేదు. అక్కడ కోత అయిపోయి, కృష్ణ దాటి ఇంకో ఊరికి మారారని, ఆ దోవలో ఫోను తడిసి పాడైందని తర్వాత తెలిసింది. మేస్త్రికి చేస్తే ఆయన వేరే ముఠాతో వేరే చోట ఉన్నాడు. పరీక్ష రోజు పొద్దున నేనూ హెడ్మాస్టరు గారూ ఆదోనిలో ఆ పరీక్షా కేంద్రం ముందు నిలబడ్డాం. వస్తారేమోనని. గంట కొట్టాక కూడా కాసేపు ఉన్నాం. లోపల ఎవరో పేర్లు పిలుస్తున్నారు. తర్వాత ఆయన, "పదండి మేడం, టీ తాగుదాం," అన్నారు.

ఉగాదికి వాళ్లు తిరిగొచ్చారు. తండ్రి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తేదీ గుర్తుంది గానీ ఫోను లేక, దోవ దొరక్క రాలేకపోయామన్నాడు. ఆ పిల్ల ఆరో తరగతికి పక్క ఊరి హైస్కూల్లో చేరింది. దీపావళి దాకా సైకిల్ మీద పోయొచ్చింది. దీపావళికి మళ్లీ లారీ ఎక్కింది. ఈసారి పిల్లగా కాదు, కూలీగా. అప్పటి నుంచి బడిలో పేరు ఉండటమే, మనిషి లేదు.

ఆ ఏడాదే మేం పాఠాలు ఆపేశాం. ఊళ్లో వాళ్లందరినీ పిలిచి హెడ్మాస్టరు గారే చెప్పారు. సుగ్గికి పోయే పిల్లలకు ఇక ఫోన్లో పాఠాలు రావని, ఊళ్లో వదిలిపోతే సాయంత్రం దాకా బడి తెరిచి పెట్టుకుని మేం చూసుకుంటామని. కొందరు పిల్లల్ని మళ్లీ అవ్వల దగ్గర వదిలారు. కానీ అందరికీ వదిలే దిక్కు ఉండదు. ఒకామె నా ఎదుటే, "ఇచ్చినదాన్ని మళ్లా గుంజుకొంటిరి," అంది. మా పాఠాలు ఉన్నా లేకపోయినా సుగ్గికి పోక తప్పని పిల్లలకు ఉన్న ఆ కాస్త ఆసరా కూడా పోయింది. వాళ్లు మళ్లీ ఒత్తులు మరిచిపోయి వచ్చారు. ఆపడం మంచిదైందా అంటే ఈ రోజుకీ నేను చెప్పలేను. మొదలుపెట్టకుండా ఉండాల్సిందా అంటే అదీ చెప్పలేను. కర్నూలు నుంచి పైవాళ్లు అడిగితే జరిగింది జరిగినట్టే చెప్పాను. వాళ్లు రాసుకున్నారు.

తర్వాత నాకు సొంత వైపు బదిలీ అయింది. ఇప్పుడు రాయచోటి దగ్గర పనిచేస్తున్నాను. పోయిన దీపావళి వెళ్లాక మా పాత హెడ్మాస్టరు గారి కూతురి పెళ్లికి ఆదోని వెళ్లాను. బస్టాండులో దిగి ఆటో చూసుకుంటుంటే ఎవరో మేడం అని పిలిచారు. పొడుగ్గా, సన్నగా ఒక అమ్మాయి. ఒక చేతిలో ఇనుప పెట్టె, రెండో చేత్తో చిన్న పిల్లను పట్టుకుంది. నవ్వాక గుర్తుపట్టాను.

అవ్వ చనిపోయిందని చెప్పింది. చేలోనే పడిపోయిందట. అమ్మా నాయనా రేపు లారీ ఎక్కుతారు, తానూ వెళ్తుంది. సుగ్గికి పోయే వాళ్ల పిల్లల కోసం తెరిచిన హాస్టల్లో చెల్లెల్ని వదలడానికి వచ్చింది.

"అమ్మ వద్దని ఏడుస్తాంది మేడం. నేనే గట్టిగా చెప్పితి, ఇది ఈడ్నే ఉండల్లని," అంది. అవ్వ మాట తీరు అలాగే వచ్చింది ఆమెకు.

బస్సుకు ఇంకా టైముంది. ఇద్దరికీ ఇడ్లీ తినిపించాను. తింటూ అడిగింది:

"ఇప్పుడు మీరుండే బడి కాడ్నుంచి పాఠాలు పంపుతాండారా మేడం?"

లేదమ్మా, మళ్లీ మొదలుపెట్టలేదన్నాను.

"ఎందుకు మేడం? అయ్యి వస్తాన్నన్నాళ్లూ నేను బడి ఇడిసిపెట్టినట్టే అనిపీలేదు నాకు."

మంచి మాట చెబుతున్నాననుకునే చెప్పింది. ఆమె కళ్లల్లో నా మీద ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. ఆ రోజు మీ అమ్మకు గట్టిగా అడ్డం పడాల్సిందని చెప్పనా? అలా చేసి ఉంటే ఆ ఒక్క ఏడాదైనా తల్లి చేత తల దువ్వించుకుని ఉండేది కాదు. చెల్లెలి పెట్టెలో ఏమేమి పెట్టావని అడిగి మాట మార్చాను.

హాస్టలున్న ఊరి బస్సు వచ్చింది. పెట్టెను నేనూ ఒక పక్క పట్టి ఎక్కించాను. చిన్న పిల్ల కిటికీ దగ్గర కూర్చుని ఎటో చూస్తోంది. అక్క మాత్రం బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది.

పెళ్లిలో హెడ్మాస్టరు గారికి ఈ సంగతి చెబుదామనుకున్నాను. ఆయన తెల్ల షేర్వానీలో వచ్చినవాళ్లను పలకరిస్తూ ఒకచోట నిలవకుండా తిరుగుతున్నారు. నన్ను చూసి దగ్గరికి వచ్చి, ప్రయాణం బాగా జరిగిందా అని అడిగారు. బాగా జరిగిందన్నాను. భోజనం చేసి, సాయంత్రం కడప బస్సు ఎక్కాను.